గోడకు పారాణి

శుక్రవారం
హైమ రింగు: పొడి

ఆఫీసువాళ్ళిచ్చిన తెర పలకలో ప్రతి రింగుకీ ఒక్క మాటే పడుతుంది. పొడి, లేదా తడి. మూడో మాటకు చోటు లేదు. మిగతాది రాసుకోవడానికి ఇది మొదలుపెడుతున్నాను. ఎవరూ రాయమనలేదు.

గొట్టాల్లో గాలి దిశ మారిన చప్పుడుకు లేచాను. గంజి తాగి, సుత్తి, చెమ్మ మీటరు, టార్చి పట్టుకుని బయల్దేరాను. ఎండ నుంచి తలదాచుకోవడానికి కొండలో తవ్వుతున్న ఈ సొరంగంలో పగుళ్ళూ తడీ చూసే ఇంజనీరును నేను. ముఖద్వారం నుంచి తవ్వకం జరిగే చోటు దాకా నడుస్తాను. గోడను తడతాను, మీటరు ఆనిస్తాను. తడి కనిపిస్తే పగుళ్ళలోకి పంపుతో మందు ఎక్కించే ముఠాను పిలుస్తాను. అంతే పని.

రింగు అంటే గోడా కప్పూ కలిసిన ఒక కాంక్రీటు చుట్టు. ప్రతి చుట్టుకూ నంబరు ఉంది, ఎవరూ వాడరు. కోనసీమ మునిగాక గోదావరి ఎక్కడ అయిపోయి సముద్రం ఎక్కడ మొదలవుతుందో తెలియకుండా పోయింది. అస్థికలు కలపడానికి నది లేదు. అందుకని సొరంగంలో ఎవరైనా పోతే, ఆ బూడిదను అప్పుడు పోస్తున్న రింగులో కలుపుతారు. రింగుకు వాళ్ళ పేరు వస్తుంది. "బండి రత్తమ్మ దగ్గర ఆగింది", "పోలయ్య దాటాక చేతులు కడుక్కోండి" అంటారు. పిల్లలు దారి గుర్తుపట్టేది ఈ పేర్లతోనే.

ఆ పిల్లలకు పంతులమ్మ హైమ. నా భార్య. ముఖద్వారం బయట నీళ్ళ బండి కోసం బడి డబ్బాలతో నిలబడి, ఎండదెబ్బకు పోయింది. 611వ రింగులో ఉంది.

పుణ్యస్త్రీగా పోయింది కాబట్టి శుక్రవారాలు ఆ గోడకు పసుపు రాస్తారు, కొత్త కాంక్రీటుకు నీళ్ళు పట్టే ముఠాలోని ఆడవాళ్ళు. నడుమెత్తున అరచేయంత పసుపు, మధ్యలో బొట్టు. దీపాల కింద పెంచే పసుపు అది, కూరలోకే చాలదు. అయినా మానలేదు. నేనూ వద్దనలేదు.

ఇవాళ నేను చేరేసరికి అక్కడ గుంపుగా నిలబడి ఉన్నారు. ముఠా పెద్ద నూకాలు నా దగ్గరికి పరుగున వచ్చింది.

"ఇంజనీరుగారండీ, సూడండి. పంతులమ్మగారు పారాణి పెట్టుకున్నారండి."

పసుపు మధ్యలో ఎర్రటి గీత. పాదం అంచున పుల్లతో దిద్దినట్టు వంపు తిరిగి ఉంది. మేం చూస్తుండగానే మడమ వైపు ఇంకాస్త సాగింది.

"నేను కుంకం ముట్టుకోలేదండి. సేతులు సూడండి, ఒట్టి పసుపే."

"పేరంటాలైపోయిందే తల్లి" అంది వెనకనుంచి ఎవరో. మునిగిన ఊళ్ళలో ఊరికో పేరంటాలమ్మ ఉండేది. ముత్తైదువగా పోయి, దేవతై, తన వాళ్ళను కనిపెట్టుకుని ఉండే మనిషి. సొరంగానికి ఇంతవరకు అలాంటి అమ్మ లేదు.

ఆ గీత ఏమిటో నాకు చూడగానే తెలిసింది. సున్నం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. కొత్త కాంక్రీటులో సున్నం గుణం ఉంటుంది. ఏడాది తిరిగేలోగా గోడ గాలి తగిలి పైపైన ఆ గుణం పోగొట్టుకుంటుంది. ఈ గోడ వయసు ఏడాది దాటింది. కొత్తలో ఎర్రబడినా, కొన్ని నెలలుగా ఇక్కడ రాసిన పసుపు పసుపుగానే ఉంటోంది. ఇవాళ గీతలా ఎర్రబడిందంటే లోపలి సున్నాన్ని కరిగించుకుని నీళ్ళు పగులు వెంట బయటికి వస్తున్నాయి. వెనక కొండ ఉంది. కొండలో ఎంత నీరుందో ఎవరికీ తెలియదు.

వాళ్ళు వెళ్ళాక దగ్గరగా చూశాను. వెంట్రుకంత పగులు. మేం పోసేది జీవకాంక్రీటు. అందులో నిద్రపోయే సూక్ష్మజీవులు తడి తగిలితే లేచి, సున్నపు రాయి కట్టి, వెంట్రుక పగుళ్ళను తామే మూస్తాయి. కొన్నాళ్ళు ఆగితే ఇదీ మూసుకోవచ్చు. కానీ వేరే ఏ రింగులోనైనా ముందు "తడి" అని రాసి, ఆ తర్వాత ఆగుతాను. ఇక్కడ "పొడి" అని రాశాను.

నా మీద అనుమానం వచ్చే వీలు లేదు. ముఠా వాళ్ళు ఆ రింగు జోలికి రారు. అది సారుది అని నాకే వదిలేశారు.

ఇందాక వెళ్ళబోతూ నూకాలు, "మీరూ దణ్ణం పెట్టుకోండి సారూ" అంది. పెట్టుకున్నాను. ఏడాదిగా హైమ పేరు ఎత్తితే అందరి గొంతులోనూ జాలే. ఇవాళ జాలి లేకుండా పలికారు. నాకు బాగుంది. అదీ రాయాలి.

మంగళవారం
హైమ రింగు: పొడి

ఇవాళ పోలయ్య రింగులో పని. కప్పుకు దగ్గరగా పగులు, చినుకులు. మందు ఎక్కించే ఏసురత్నం నిచ్చెన ఎక్కి చూసి దిగాడు.

"ఈ కొండకి ఆగట్లేదండి. వయసైపోయింది కదండీ పాపం."

పగులుకు అటూ ఇటూ ఏటవాలుగా రంధ్రాలు వేశాడు. ఆ రంధ్రాలు లోపల ఎక్కడో పగులును కలవాలి. వాటిలో ప్యాకర్లు బిగించాడు. ప్యాకరంటే మందు లోపలికే పోనిచ్చే చిన్న ఇత్తడి మూతి. పంపు కింద మూతితో మొదలుపెట్టాడు. మందు నీటిని కలిసి పొంగి, నీటిని వెనక్కి తోస్తూ పైకి పాకుతుంది. పై మూతి నుంచి నురుగు వచ్చిందంటే పగులు నిండినట్టు. నురుగు కనపడగానే ఏసురత్నం చేయెత్తాడు. చినుకులు ఆగాయి. పూట పని.

ఇంత తేలికైన పని. ఎక్కించకుండా వదిలేస్తే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. నీళ్ళు కాంక్రీటును లోపల పొరలు పొరలుగా విడదీస్తాయి. అప్పుడిక మందుతో అవదు, బద్దలు కొట్టాలి.

పంపు కడుగుతూ ఏసురత్నం అన్నాడు: "మా పాస్టరుగారితో అనకండి. మొన్న పంతులమ్మగారి కాడ నేనూ ఓ అగరొత్తి ఎలిగించానండి."

"నీకెందుకయ్యా?"

"మా పిల్లకి ఎక్కాలు సెప్పారు కదండీ. దానికి. దేవత సంగతి ఆడాళ్ళు సూసుకుంటారు." గొట్టం చుట్టుకుంటూ, "ఆ రింగు కూడా ఓసారి తట్టి రమ్మంటారా? పసుపు ఎర్రబడిందంటున్నారు."

"నేను చూశాను."

"అయితే సరేలెండి" అన్నాడు. మళ్ళీ అడగలేదు.

శుక్రవారం
హైమ రింగు: పొడి

జనం పెరిగారు. తవ్వకం దగ్గర పనిచేసేవాళ్ళు టోపీలు చేత్తో పట్టుకుని వరసలో నిలబడ్డారు. రవికెల గుడ్డలు, గాజులు. ఎవరో క్యాంపు నుంచి కొబ్బరికాయ తెచ్చారు. మొత్తం క్యాంపుకు ఉన్నది అదొక్కటే. కొట్టరు. గోడకు తాకించి, కళ్ళకద్దుకుని, గుడ్డలో చుట్టి తీసుకుపోతారు.

నూకాలు పసుపు రాసింది. ఎరుపు వెంటనే వచ్చింది. ఈసారి గీత చీలింది. వేళ్ళలా రెండు పాయలు.

"రెండో పాదమే" అన్నారు.

నేను వాళ్ళకంటే ముందే వచ్చాను. గోడ కిందిభాగంలో తెల్లటి సున్నపు చార దిగి ఉంది. ఏ కూలీ అయినా ఆ చార చూస్తే ఊట అని చెప్పేస్తాడు. చేతి రుమాలు తడిపి తుడిచేశాను. తుడవడానికే ముందు వచ్చాను. పగుల్లో గోరు దూరింది. సూక్ష్మజీవులు ఇంత సందు మూయలేవు.

రుమాలు హైమది. ఇంటికి వచ్చి ఉతికాను. సున్నం పోలేదు.

ఎందుకు చెప్పడం లేదని నన్ను నేను అడిగాను. ఒక కారణం తయారుగా ఉంది. బూడిద కలిపిన రింగే పగిలిందని తెలిస్తే, బూడిద వల్లనే పగిలిందంటారు. ఆచారం ఆపేస్తారు. ఇక మీద పోయేవాళ్ళకు చోటుండదు. ఇది మంచి కారణం. ఎవరికి చెప్పినా ఒప్పుకుంటారు.

నిజం అది కాదు. అక్కడ రంధ్రాలు వేయాలి. మరతో. ఆ మర చప్పుడు నాకు తెలుసు.

సోమవారం
హైమ రింగు: పొడి

చీఫ్ ఇంజనీరు ఫరీదా మేడం పిలిచారు. పొట్టి మనిషి, ఎప్పుడూ నిలబడే మాట్లాడతారు. ఈ వారం క్యాంపు కుటుంబాలు లోపలికి వస్తున్నాయి. పూర్తయిన రింగుల కింద గోడ వెంట గదుల్లా అరలు కట్టారు. పగలు బయట తాటాకుల కింద ఉడికిపోతున్న పిల్లలు ఇక నుంచి అక్కడ ఉంటారు.

"ప్రభాకరం గారూ, పోలయ్య నుంచి మీ... 611 దాకా. పొడేనా?"

"పోలయ్యలో మొన్న ఎక్కించాం. ఆగింది."

"611?"

"పొడి."

ఆవిడ పలక పక్కన పెట్టారు. "అక్కడ పూజలవీ జరుగుతున్నాయట. జరగనివ్వండి. మా నాన్నను క్యాంపు బయట ఇసుకలో పెట్టి వచ్చాను. గాలికి ఇసుక జరిగిపోయింది, ఇప్పుడు చోటు కూడా తెలియదు. మీవాళ్ళు గోడలోనన్నా ఉన్నారు. కానీ ఆ బూడిద వల్ల గోడకు నష్టమని ఎప్పుడైనా తేలితే మాత్రం ఆపేస్తాను. ముందు చెప్పాల్సింది మీరే."

"చెప్తాను."

"మీ మాట మీద జనాన్ని పెడుతున్నాను" అన్నారు. మామూలుగానే అన్నారు.

బుధవారం
హైమ రింగు: పొడి

కుటుంబాలు వచ్చాయి. తల మీద మూటలు, నడుముకు పిల్లలు. చల్లగాలి తగలగానే చాలామంది నిలబడిపోయారు. వెనకవాళ్ళు వాళ్ళను తోసుకుంటూ వచ్చారు.

భ్రమరాంబ వదిన కూడా వచ్చింది. హైమకు అక్క. క్యాంపులో వంటశాల నడిపేది. కూతురి బిడ్డను భుజాన వేసుకుని ఉంది. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"చిక్కిపోయారు మరిదిగారూ. గంజి తాగి బతికేస్తున్నారా, గంజి చూసి బతికేస్తున్నారా?"

"బాగానే ఉన్నాను వదినా."

"కనిపిస్తోంది."

తన అర తనే ఎంచుకుంది. హైమ రింగు కిందది. ఆ అర కోసం పోటీ ఉందట, కానీ అక్కగారని వదిలేశారు. పక్క అరలోకి గాలి బాగా వస్తుందని చెప్పాను. వినలేదు.

"శుక్రవారం పాపను ఉయ్యాల్లో వేస్తున్నాం. పేరు హైమవతి. దాని పేరు పెట్టి, దాని గోడకే ఉయ్యాల కట్టకపోతే ఊరుకుంటుందా అది?" గోడ కప్పులోకి వంగేచోట ఉన్న కొక్కెం చూపించింది. దీపాల కోసం పెట్టిన కొక్కెం. పగులుకు సరిగ్గా పైన.

పాప నా వేలు పట్టుకుని వదల్లేదు. వదిన నవ్వింది. నేనూ నవ్వాను. అలా నవ్వగలిగాను.

గురువారం
హైమ రింగు: తడి

పొద్దున అందరూ గంజి వరసలో ఉన్నప్పుడు వెళ్ళి తట్టాను. ఇన్నాళ్ళూ పగులు చూశానే గానీ చుట్టూ తట్టలేదు. వినాలని లేక తట్టలేదు. గట్టి కాంక్రీటు సుత్తికి గంటలా ఎదురు పలుకుతుంది. ఇది పెట్టె మూతలా పలికింది. బోలు. ఎక్కడిదాకా బోలుగా ఉందో సుద్దముక్కతో గీస్తూ పోయాను. గీత తలుపంత అయింది. పై అంచు కొక్కెం దాటింది.

గీత చూస్తూ నిలబడ్డాను. వెనకనుంచి వదిన గొంతు.

"ముగ్గేస్తున్నారేంటి?"

చేతిలో గంజి గిన్నె. పాప భుజాన నిద్రపోతోంది.

"వదినా, ఉయ్యాల ఇక్కడ వద్దు."

"ఏం?"

"గోడ లోపల విడిపోయింది. వెనక నీళ్ళున్నాయి. ఆ ఎరుపు పారాణి కాదు. సున్నం. లోపలి సున్నం నీళ్ళతో..."

"సున్నమని నాకు తెలుసు" అంది.

సుద్దముక్క దించి ఆమె వైపు తిరిగాను.

"మీ పెళ్ళికి దాని కాళ్ళకు పారాణి కలిపింది ఎవరనుకున్నారు? నేనే. పసుపులో చిటికెడు సున్నం వేసి కలిపాను. ఎందుకు ఎర్రబడుతుందో ఆడపుట్టుక పుట్టిన ఏ మనిషిని అడిగినా చెప్తుంది. నూకాలుకు తెలియదా? గోడలోంచి సున్నం వస్తోందని వాళ్ళకు మొదటిరోజే తెలుసు."

"తెలిసి పూజ చేశారా?"

"గోడ సంగతి హైమే మాకు చూపించిందనుకున్నాం. చూపించింది, మీరు వచ్చి చూశారు. రోజూ వస్తున్నారట. గోడ మీద చెయ్యి ఆనించి నిలబడుతున్నారట. కొలుస్తున్నారనుకున్నాం. ఏమీ అనడంలేదు కాబట్టి భయం లేదనుకున్నాం." గిన్నె కింద పెట్టింది. "ఏం చేస్తున్నారు మరి, రోజూ అలా చెయ్యి పెట్టి?"

చెప్పలేదు. చెప్పడానికి ఒక మాట ఉంది, అది పెద్దది కాదు. ఆ గోడ చల్లగా ఉంటుంది. అంతే.

వదిన తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఎన్నాళ్ళ నుంచి తెలుసు?"

"మొదటి శుక్రవారం నుంచి."

"నిన్న నేను ఆ కొక్కెం చూపించినప్పుడు?"

"తెలుసు."

పాపను ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకుంది. గోడకు దూరంగా ఉన్న భుజానికి. తెలిసి చేసిందో తెలియక చేసిందో. నేను తల వంచుకున్నాను.

పలక తీసి "తడి" అని కొట్టాను. ఫరీదా మేడం దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఎప్పటి నుంచి అని ఆవిడా అడిగారు. చెప్పాను. ఆవిడ కుర్చీలో కూర్చున్నారు. ఆవిడ కూర్చోవడం మొదటిసారి చూశాను.

"ముందు జనాన్ని బయటికి తియ్యండి" అన్నారు.

పోలయ్య నుంచి 611 దాకా అరలన్నీ ఖాళీ చేయించాం. నిన్న చల్లగాలికి నిలబడిపోయినవాళ్ళు ఇవాళ మూటలు ఎత్తుకుని మళ్ళీ తాటాకుల కిందికి వెళ్ళారు. ముఖద్వారం దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ చెప్పాను, నా పొరపాటని. "ఊళ్ళే మునిగిపోయాయండి, ఇదెంత" అన్నాడొక ముసలాయన నన్ను ఓదారుస్తూ. ఆయన తిడితే బాగుండేది.

శనివారం
హైమ రింగు: తడి

బోలుగా ఉన్న పెచ్చును కొట్టి దించాలి. ముందు ఒత్తిడి పోవడానికి కింద రంధ్రాలు వేసి నీళ్ళు వదలాలి. తర్వాత పైనుంచి ముక్కలు ముక్కలుగా కొట్టాలి. మొదటి వారమే చెప్పి ఉంటే నాలుగు ప్యాకర్లు, పూట పని.

నేనే కొడతానన్నాను. ఏసురత్నం ఒప్పుకోలేదు.

"మీరు కొట్టకూడదండి ఆవిణ్ణి. ఇలా తేండి."

మర మొదలైంది. నేను దీపం పట్టుకున్నాను. కింది రంధ్రం నుంచి నీళ్ళు చేయంత లావున వచ్చాయి. తెల్లగా, పాలలా. ధార పల్చబడ్డాక అతను నిచ్చెన ఎక్కాడు. రెండు ముక్కలు సరిగానే దిగాయి. మూడోది కొట్టకముందే మొత్తం పెచ్చు కదిలింది. నేను అరిచాను. అతను పక్కకు దూకాడు గానీ అంచు భుజానికి తగిలింది.

సుద్దతో నేను గీసిన తలుపులో మిగిలినదంతా ఒక్కసారే ఊడి నేల మీద పడింది. పసుపు రాసిన ముక్క పైకి తిరిగి ఉంది.

ఆస్పత్రి అరలో ఏసురత్నానికి భుజం కట్టారు. కాలర్ ఎముక విరిగింది. చెయ్యి మళ్ళీ పైకి లేస్తుందో లేదో కొన్నాళ్ళు పోతేగాని తెలియదన్నారు. పక్కన కూర్చున్నాను. ఏదో హాస్యం ఆడతాడనుకున్నాను. ఆడాలని కోరుకున్నాను.

"ఆ రోజు అడిగాను కదండీ, తట్టి రమ్మంటారా అని."

"అడిగావు."

"సూశానన్నారు."

"అవును."

"సూసే అన్నారా?"

"చూసే అన్నాను."

మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. తిప్పడానికి నొప్పి పెట్టిందని చప్పుడును బట్టి తెలిసింది. నేను ఇంకా కూర్చున్నాను. చివరికి నర్సు వచ్చి, "మీరు వెళ్ళండి సారూ, ఆయన్ని పడుకోనివ్వండి" అంది.

సోమవారం
హైమ రింగు: పని జరుగుతోంది (పలక ఒప్పుకోలేదు, "తడి" అనే కొట్టాను)

వెనక రాతికి మందు ఎక్కించారు. ఊట ఆగింది. ఇనుప చువ్వలు తోమి, అచ్చు చెక్కలు బిగించి, కొత్త కాంక్రీటు పోశారు. నేను చెప్పిన ప్రతి కొలతనూ ఇంకొకరు మళ్ళీ కొలిచారు. ఫరీదా మేడం ఆర్డరు. ఇక మీద నా మాట పక్కన ఇంకో మాట లేకపోతే పలక తీసుకోదు.

"మిమ్మల్ని తీసేద్దామనుకున్నాను" అన్నారావిడ. "తీసేస్తే మీకు హాయిగా ఉంటుంది. అందుకని తియ్యడంలేదు."

బూడిద గురించి అడిగాను. పగిలిన ముక్కలు పరీక్షకు పంపారట. కాంక్రీటు గట్టిగానే ఉంది. కొండ కదిలింది, అంతే. "మీ ఆవిడ ఏం చెయ్యలేదు" అన్నారు. నేను తయారుచేసి పెట్టుకున్న కారణం అలా పోయింది.

ముక్కలను బండికెత్తారు. అవి రాళ్ళు నలిపే మరకు పోతాయి, కంకరై కొత్త రింగుల్లో పడతాయి. నూకాలు బండి ఆపి, పసుపు ఉన్న ముక్క తీసి నా చేతిలో పెట్టింది. బరువుగా ఉంది. సంచిలో వేసుకుని వచ్చి బల్ల మీద పెట్టాను. దాని ఎదుట కూర్చుని గంజి తాగాను. గిన్నె కడిగి, ముక్కను తీసుకెళ్ళి మళ్ళీ బండిలో వేశాను. నూకాలు చూసింది. బండి తవ్వకం వైపు వెళ్ళింది. అక్కడ రింగులకు ఇంకా పేర్లు లేవు.

శుక్రవారం
హైమ రింగు: పొడి (మీటరు పెట్టింది ఏసురత్నం)

కుటుంబాలు మళ్ళీ లోపలికి వచ్చాయి. ఈసారి ఎవరూ చల్లగాలికి నిలబడలేదు. కప్పు చూసుకుంటూ నడిచారు.

హైమ రింగు దగ్గర ఆడవాళ్ళు చేరారు. కొబ్బరికాయ రాలేదు. నూకాలు కొత్త గోడకు పసుపు రాసింది. రాసినంత మేరా ఎర్రబడింది. గీత లేదు, పాదం లేదు.

అందరూ నా వైపు తిరిగారు.

"ఇదేంటండి మరి? మళ్ళీ నీళ్ళాండి?" అంది నూకాలు.

ఇంతకు ముందైతే దణ్ణం పెట్టి ఊరుకునేవాణ్ణి.

"కొత్త కాంక్రీటు. దాని సున్నమే. నీళ్ళు కావు" అన్నాను. వెనకవాళ్ళకు వినపడలేదు, మళ్ళీ చెప్పాను. "ఏడాది పోయాక ఇక్కడ పసుపు పసుపుగానే ఉంటుంది. ఆ తర్వాత ఎప్పుడైనా గీతలా ఎర్రబడితే నా కోసం చూడకండి. ముఠాను పిలవండి."

"ముఠానీ పిలుస్తాం, మిమ్మల్నీ పిలుస్తాం" అంది వదిన. "మీరూ చెప్పాలి."

ఏసురత్నం వచ్చాడు. కుడి చెయ్యి మెడకు వేలాడుతోంది. నాతో మాట్లాడలేదు. ఎడమ చేయి చాచాడు. సుత్తి ఇచ్చాను. అలవాటు లేని చేత్తో, అడ్డదిడ్డంగా, గోడంతా తట్టాడు. చెవి ఆనించాడు. మీటరు అడిగి తీసుకున్నాడు. అందరినీ నిలబెట్టి తీరుబడిగా చూశాడు.

"పొడేనండి" అన్నాడు, వదిన వైపు చూస్తూ.

పలకలో అదే కొట్టాను.

ఉయ్యాల ఇక్కడ కట్టలేదు. పోలయ్య రింగు కింద, వదిన కొత్త అరలో కట్టారు. పేరు మాత్రం మార్చలేదు. సాయంత్రం నడక ముగించుకుని అటు వెళ్ళాను. పాప నిద్రలో ఉంది. మందు ఎక్కించిన పగులు కింద నిలబడి, చప్పుడు కాకుండా సుత్తి మొనను గోడకు తాకించాను.

"గట్టిగానే తట్టండి మరిదిగారూ" అంది వదిన అరలోంచి. "లేస్తే ఊపుకుంటాను."